గొల్లపూడి గోడౌన్‌లో స్టాకు లెక్క తేల్చడం: నా అనుభవం

విజయవాడ పక్కన మా ఏజెన్సీలో కంప్యూటర్ చూపించే స్టాకుకీ గోడౌన్‌లో ఉన్న స్టాకుకీ ఎప్పుడూ పొంతన ఉండేది కాదు. కంప్యూటర్‌లో ఆరు కేసులున్న షాంపూ ర్యాక్‌లో కనపడదు. కంప్యూటర్‌లో నిల్ అని ఉన్న బిస్కెట్ గోడ పక్కన నడుం ఎత్తున పేర్చి ఉంటుంది. 2024 దసరాలు వెళ్ళాక నేను అకౌంటెంట్‌గా చేరాను. చేరీ చేరగానే ఓనరు గారు నాకు అప్పజెప్పింది ఈ తేడా సంగతే. "మన కుర్రాళ్ళలో ఎవడో చేతివాటం చూపిస్తున్నాడమ్మా, ఎవడో తేల్చు" అన్నారు. అప్పటికే గోడౌన్‌లో రెండు కెమెరాలు పెట్టించారు, మూడోదానికి కొటేషన్ కూడా తెప్పించారు.

చేతివాటం అసలే లేదని చెప్పను. బిస్కెట్ ప్యాకెట్ చించుకుని టీలో ముంచుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ లక్షల్లో కనపడే తేడా అలా రాదు. సరుకు దిగిన వేళ ఒకటి, ఎంట్రీ పడిన వేళ ఇంకొకటి. కొన్నది కేసుల్లో, అమ్మింది పీసుల్లో. పెట్టింది ఒక చోట, వెతికింది మరో చోట. మా తేడాలో పెద్ద భాగం ఈ మూడింటి నుంచే వచ్చింది. అది కెమెరాలో పడే రకం కాదు.

మాది సబ్బులు, షాంపూలు, బిస్కెట్లు, టీ పొడి, చాక్లెట్లు చూసే డిస్ట్రిబ్యూషన్. సేల్స్‌మెన్ వన్‌టౌన్, భవానీపురం, సింగ్‌నగర్, ఇటు ఇబ్రహీంపట్నం, కొండపల్లి బీట్లు (రోజువారీ షాపుల రూట్లు) తిరిగి సాయంత్రానికి ఆర్డర్లు ఫోన్‌లో ఎక్కిస్తారు. పొద్దున్నే బిల్లులు కొట్టి, లోడింగ్ షీటు తీసి, బళ్ళు ఎత్తుతారు. గోడౌన్ చూసేది ఒక పెద్దాయన. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఏ సరుకు ఎక్కడుందో ఆయనకు కంఠతా వచ్చు.

కంపెనీ లారీ తెల్లవారుజామునే హైవే దిగి వస్తుంది. ముఠావాళ్ళు (హమాలీలు) దించుతుంటే బాబాయ్ సుద్దతో గోడ మీద గీతలు గీస్తూ లెక్కపెట్టేవాడు. ఇన్‌వాయిస్ మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఎంట్రీ చేసే కుర్రాడు వచ్చేది పదిన్నరకి. ఈలోపు ఎనిమిదింటికల్లా బళ్ళు ఎత్తాలి. కొత్తగా దిగిన ఆరెంజ్ క్రీమ్ బిస్కెట్ కళ్ళెదుటే ఉంది, కంప్యూటర్‌లో మాత్రం ఇంకా లేదు. లేని సరుకుకి సాఫ్ట్‌వేర్ బిల్లు కొట్టనివ్వదు. బిల్లింగ్ కుర్రాడు ఊరుకుంటాడా? అదే రేటుండే చాక్లెట్ క్రీమ్ పేరుతో బిల్లు కొట్టి ఆరెంజ్ ఎక్కించేవాడు. షాపువాడికి డబ్బులు సరిపోయాయి కాబట్టి నోరెత్తడు. పదిన్నరకి ఎంట్రీ పడ్డాక ఆరెంజ్‌లో తక్కువ, చాక్లెట్‌లో ఎక్కువ. ఇలా రోజూ జరిగితే ఏడాది చివర ఎన్ని ఐటమ్స్‌లో తేడా ఉంటుందో మీరే ఊహించుకోండి.

అందుకే ముందు తలుపు దగ్గర పని మార్చాం. షట్టర్ లోపల నేల మీద పసుపు రంగు గీత వేయించాను. దిగిన సరుకు గీతకి ఇవతలే ఆగాలి. ఇన్‌వాయిస్ పట్టుకుని ఐటమ్, కేసులు, బ్యాచ్, ఎమ్మార్పీ, ఎక్స్‌పైరీ చూసి జీఆర్ఎన్ (సరుకు అందినట్టు ఎంట్రీ) కొట్టాకే లోపలికి వెళ్ళాలి. ఎంట్రీ కుర్రాడి డ్యూటీ ఆరింటికి మార్చి, మధ్యాహ్నం మూడుకే ఇంటికి పంపమన్నాను. దీనికి ఓనరు గారు ఒప్పుకోవడానికే ఎక్కువ టైము పట్టింది, గీతకి కాదు. ఇంకో సంగతి: షార్టేజీ కానీ, నలిగిన కేసు కానీ ఉంటే లారీ కదలకముందే ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మీద రాసి డ్రైవర్ చేత సంతకం పెట్టించాలి. "రేపు ఫోన్ చేసి చెబుదాంలే" అనుకున్న క్లెయిములు మా ఫైల్లో బోలెడు ఉన్నాయి. ఒక్కటీ పాస్ కాలేదు.

రెండోది కేసులూ పీసుల గొడవ. పది రూపాయల బిస్కెట్ ఉంది. కంపెనీవాళ్ళు ధర పెంచరు, గ్రాములు తగ్గిస్తారు, దాంతోపాటే కేసులో పట్టే ప్యాకెట్ల సంఖ్య మారుతుంది. ఒక ఐటమ్‌కి కేసుకి 96 ఉండేవి, కొత్త కేసులో 120 వస్తున్నాయి. అట్టపెట్టె సైజు అదే, రంగు అదే, పక్కన చిన్న అక్షరాల్లో అంకె ఒక్కటే మారింది. మా సాఫ్ట్‌వేర్ మాస్టర్‌లో (ఐటమ్ వివరాలుండే జాబితాలో) ఇంకా 96 అనే ఉంది. ఇరవై కేసులు దిగితే కంప్యూటర్‌లో 1920 ప్యాకెట్లు పడ్డాయి, నేల మీద 2400 ఉన్నాయి. 1920 అమ్మేసరికి కంప్యూటర్ నిల్ అంది, నాలుగు కేసులు గోడకి ఆనుకుని అలాగే ఉండిపోయాయి. నిల్ అని ఉన్న సరుకుని సేల్స్‌మన్ ఆర్డర్ తీసుకోడు. నేను చేరేటప్పటికి వాటి డేటు దగ్గరపడింది. లెక్క ప్రకారం లేని సరుకు మన కళ్ళముందే పాడైపోవడం అంటే ఇదే.

దీనికి మందు చిన్నదే. కేసు సైజు మారితే దానికి కొత్త ఐటమ్ కోడ్ తెరవాలి. పాతదాన్ని దిద్దితే పాత స్టాకు లెక్క కూడా తారుమారవుతుంది. ఫ్రీ సరుకుదీ ఇదే తంతు. నాలుగు సబ్బులకి ఒకటి ఫ్రీ అని బ్యాండ్ వేసి వచ్చినదాన్ని అయిదు పీసులుగా తీసుకోవాలా, ఒక ప్యాకుగానా అన్నది దిగిన రోజే తేల్చాలి. లేకపోతే ఎవరో బ్యాండ్ కోసి విడిగా అమ్మేస్తారు, లెక్క అక్కడితో సరి.

మూడోది చోటు. బాబాయ్ కూతురి పురిటికి తెనాలి వెళ్ళినప్పుడు మా బళ్ళు మధ్యాహ్నానికి కానీ కదల్లేదు. కుర్రాళ్ళు ఫోన్ చేసి అడగడం, ఆయన ఆసుపత్రి వరండాలోంచి "టీ పొడి వెనకాల, ఎడమ పక్క, కింద చూడరా" అని చెప్పడం. ఆయన తిరిగొచ్చేలోపు ర్యాక్‌లకి అడ్రసులు రాయించాను. వరసకి ఒక అక్షరం, గడికి ఒక అంకె, అరకి ఒక అంకె. బి-4-2 అంటే బి వరస, నాలుగో గడి, కింద నుంచి రెండో అర. లోడింగ్ షీటులో ఐటమ్ పక్కనే ఆ అడ్రసు వచ్చేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టించాం. షీటు కూడా అక్షరక్రమంలో కాకుండా నడిచే దారి వరసలో ప్రింటవుతుంది. కుర్రాడు ఒక్కసారి చుట్టు తిరిగితే చాలు.

బాబాయ్‌కి ఇది నచ్చలేదు. "నా బుర్రలో ఉన్నది నీ బోర్డు మీద రాస్తావా అమ్మాయ్?" అన్నాడు. ఇప్పటికీ ఆయన బోర్డుల వంక చూడడు. చూడాల్సిన అవసరమూ ఆయనకి లేదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఉంది.

ఎక్కడ ఏది పెట్టాలన్నదానికి ఏబీసీ పద్ధతి వాడాం. బీకాంలో కాస్టింగ్ పరీక్షకి బట్టీ పట్టిందే. 1951లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఫోర్డ్ డికీ రాసిన పద్ధతి: విలువలో పెద్ద వాటా ఉన్న కొద్ది ఐటమ్స్‌ని ఏ అని, మధ్యవాటిని బీ అని, మిగతా చిల్లరమల్లరని సీ అని విడగొట్టడం. కానీ పుస్తకంలో విలువ చూసి విడగొడతారు, గోడౌన్‌లో చోటుకి అది ఒక్కటే చాలదు. రూపాయి షాంపూ సాషేల కేసు ఖరీదు తక్కువే అయినా రోజుకి ఎన్నిసార్లు చేయి పడుతుందో లెక్కలేదు. డైపర్ల కేసు ఖరీదెక్కువ, కదలిక తక్కువ, చోటు మాత్రం మంచమంత తింటుంది. అందుకని లెక్కపెట్టడానికి విలువ ప్రకారం, పెట్టడానికి కదలిక ప్రకారం రెండు జాబితాలు చేశాను. సాషేలు, పది రూపాయల బిస్కెట్లు తలుపు దగ్గరికొచ్చాయి. డైపర్లు వెనక్కి, పైకి వెళ్ళాయి.

బెజవాడ ఎండలు తెలిసినవాళ్ళకి రేకుల షెడ్డు సంగతి చెప్పక్కర్లేదు. పై అర మీద చేయి పెడితే కాలుతుంది. చాక్లెట్ అక్కడ పెడితే కరిగి, రాత్రికి మళ్ళీ గట్టిపడి, పైన తెల్లటి పొర కడుతుంది. తింటే ఏమీ కాదు కానీ షాపువాడు తీసుకోడు. వాటికి ఏసీ గది ఉంది, అందులో కూడా గోడకి ఆనించకుండా గాలి ఆడేలా పెడతాం. అగరబత్తీలు, సబ్బులు ఒక చివర, టీ పొడి, బిస్కెట్లు ఇంకో చివర. టీ పొడి ఎంత తొందరగా వాసన పట్టేస్తుందో, సబ్బు వాసన వచ్చే టీ తాగినవాళ్ళకే తెలుస్తుంది. ఇక చెక్క ప్యాలెట్ల విషయంలో నేను వాదించాల్సిన పనే పడలేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ బీట్‌లో మా షాపుల్లో చాలావాటిలోకి నీళ్ళొచ్చాయి. నేల మీద పెట్టిన సరుకు ఏమైందో మా సేల్స్‌మెన్ కళ్ళారా చూశారు.

డేట్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ముందు వచ్చింది ముందు పోవాలి అన్నది అందరికీ తెలిసిన సూత్రమే. కానీ కంపెనీ డిపో నుంచి వచ్చే సరుకు డేట్ల వరసలో రాదు. జనవరిలో దిగిన బ్యాచ్‌కి ఆగస్టు దాకా డేటు ఉంటే, ఫిబ్రవరిలో దిగినది జులైకే అయిపోవచ్చు. కాబట్టి వచ్చిన వరస కాదు, డేటు అయిపోయే వరస చూడాలి. దిగేటప్పుడే కేసు మీద మార్కర్‌తో ఎక్స్‌పైరీ నెల అంకె అరచేతంత రాయించడం మొదలుపెట్టాను. 7 అని రాసినది ఉండగా 8 ముట్టుకోకూడదు. చదువు అంతగా రాని ముఠా కుర్రాళ్ళకి కూడా ఇది ఒక్కరోజులో పట్టుబడింది. అసలు చిక్కు పేర్చడంలో ఉంది. కొత్త కేసుల్ని పాతవాటి ముందు పేరిస్తే ఎంత పెద్ద అంకె రాసినా చేయి ముందున్నదాని మీదికే పోతుంది. ర్యాక్‌కి వెనక నుంచి నింపి ముందు నుంచి తీసేలా రెండు వైపులా దారి వదలాలి. దారి వదిలితే చోటు తగ్గుతుంది. ఓనరు గారి దృష్టిలో ఖాళీ నేలంటే దండగ అద్దె. డేటు అయిపోయి క్లెయిమ్ రాని సరుకు కాగితం చూపించాక దారి దక్కింది.

ఇక మార్చి ఆఖరి లెక్క. 2025లో ఉగాది 30న, ఆదివారం పడింది, మర్నాడే రంజాన్. కుర్రాళ్ళు రెండు రోజులూ రామన్నారు, వాళ్ళని తప్పుపట్టలేం. శనివారం సాయంత్రం బళ్ళన్నీ తిరిగొచ్చాక షట్టర్ దించి మొదలుపెట్టాం. ఉగాది పొద్దున ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళి పచ్చడి తిని, వీలైనవాళ్ళు మధ్యాహ్నం మళ్ళీ వచ్చారు.

లెక్క మొదలెట్టే ముందు చేయాల్సినవే ఎక్కువ. అప్పటిదాకా కొట్టిన బిల్లులన్నీ బయటికెళ్ళాయా, దిగిన సరుకు అంతా ఎంట్రీ పడిందా, బిల్లయినా బండెక్కని కేసులు ఎన్ని అని చూసి వాటిని విడిగా పెట్టి చీటీ అంటించాం. చేతికిచ్చే కాగితంలో ఐటమ్ పేరు, అడ్రసు మాత్రమే ఉంటాయి, కంప్యూటర్ అంకె ఉండదు. అంకె కనపడితే మనిషి చేయి ఆ అంకె దగ్గరే ఆగుతుంది. ఒకళ్ళు లెక్కపెట్టి పైకి చదవాలి, ఇంకొకళ్ళు రాయాలి. తేడా వచ్చినదాన్ని వేరే జంట మళ్ళీ లెక్కపెట్టాలి. అయిపోయినదాని మీద సుద్దతో గుర్తు.

ముఠా మేస్త్రి పేర్చిన సబ్బుల గుట్ట ఒకటుంది. ముందుకి అయిదు, లోతుకి నాలుగు, ఎత్తుకి ఆరు. నూట ఇరవై అని చదివేశాడు కుర్రాడు. బాబాయ్ నవ్వి, "పైన రెండు తియ్యి" అన్నాడు. తీస్తే లోపల డొల్ల. వెనక దారి లేని రోజుల్లో ఎవరో పైనుంచి చేయి పెట్టి మధ్యలో కేసులు లాగేసి, చుట్టూ గోడలా ఉంచేశారు. బయటికి నిండుగా కనపడుతోంది, లోపల పద్దెనిమిది కేసులు లేవు. ఏళ్ళుగా ఆ గుట్టని అందరూ గుణకారం వేసి రాస్తున్నారట. ఆ పూట నుంచి ఎత్తు కనపడే ప్రతి గుట్టనీ విప్పి లెక్కపెట్టాల్సి వచ్చింది, ఆలస్యమంతా అక్కడే.

లెక్కలన్నీ వచ్చాక ఎక్కువలు ఒక వరసలో, తక్కువలు ఒక వరసలో రాసి పక్కపక్కన పెట్టి చూశాను. సగానికి పైగా జంటలు దొరికాయి. నిమ్మ సబ్బు ఎంత తక్కువో గంధం సబ్బు దాదాపు అంత ఎక్కువ, రేటు ఒకటే. డొల్ల గుట్టలో పోయిన కేసులకీ జంట దొరికింది, అదే కంపెనీ వేరే సైజు సబ్బు. ఇవన్నీ ఒక పేరు మీద బిల్లయి ఇంకో సరుకు వెళ్ళినవే. ఓనరు గారు ఆ కాగితం చాలాసేపు చూసి, "అయితే ఎవడూ తినలేదంటావా?" అన్నారు. కొంచెం నిరాశపడ్డట్టే అనిపించింది.

జంట దొరకనివాటిలో చాలావరకు మూల గోనెసంచుల్లో తేలాయి. షాపుల నుంచి తిరిగొచ్చినవి: కారిన సాషేలు, ఎలక కొట్టిన బిస్కెట్లు, మధ్యలో శుభ్రంగా ఉన్న అమ్మదగ్గ సరుకు కూడా. షాపుకి ఆ డబ్బు తగ్గిస్తూ క్రెడిట్ నోట్ ఇచ్చేశాం, స్టాకులో కలిపేశాం, సంచి మాత్రం ఎవరూ విప్పలేదు. ఇప్పుడు తిరిగొచ్చినవాటికి జాలీ వేసిన గది ఒకటి చేశాం. అమ్మదగ్గది, కంపెనీకి క్లెయిమ్ వేయాల్సింది, పారేయాల్సింది అని మూడు అరలు. కంప్యూటర్‌లోనూ మూడు గోడౌన్లుగానే చూపిస్తాం. ఇంత చేసినా, అన్నిటికన్నా వెనకబడి ఉన్న పని ఇదే.

పాడైనదాన్ని స్టాకులోంచి కొట్టేయడం కూడా అంత తేలిక కాదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం పోయిన, నాశనమైన, లెక్కలోంచి కొట్టేసిన సరుకు మీద, కొన్నప్పుడు కట్టిన పన్నుకి తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలి. రూల్ 56 ప్రకారం అలా పోయినవాటి వివరం స్టాకు రిజిస్టర్‌లోనే ఉండాలి. అందుకే మా ఆడిటర్ గారు "సర్దుబాటు" అన్న మాట రాసిన ఎంట్రీ కనపడితే పెన్ను కింద పెట్టేస్తారు. ఎందుకు, ఎంత, ఎవరు చూశారు అన్నది ప్రతిదానికీ రాయాలి.

ఆ తర్వాత ఏడాదికోసారి లెక్కకి బదులు రోజూ కొంచెం లెక్క పెట్టుకున్నాం. 'ఏ' జాబితాలోవి వారానికి ఒకసారి, 'బీ'వి నెలకి, 'సీ'వి మూడు నెలలకి. సాయంత్రం బళ్ళు వచ్చేలోపు అరగంట పని. తేడా వచ్చిన రోజే పట్టుకుంటే కారణం గుర్తుంటుంది. మార్చిలో పట్టుకుంటే అంకె ఒక్కటే మిగులుతుంది.

2025 సెప్టెంబర్ 22న సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు ఈ రోజువారీ లెక్క మాకు అక్కరకొచ్చింది. ఒకే సబ్బు పాత ఎమ్మార్పీతో ఒకటి, కొత్తదానితో ఒకటి. ఒకే అరలో పెడితే ఏ బిల్లుకి ఏది వెళ్ళిందో దేవుడికే తెలియాలి. ముందు రోజు రాత్రికి ఏ స్టాకు ఎంతుందో కచ్చితంగా తెలుసు కాబట్టి పాతది ఒకవైపు, కొత్తది ఒకవైపు వేరు చేసి, కోడ్‌లు మార్చేశాం. 18 శాతం కట్టి కొన్నది 5 శాతానికి అమ్మితే మిగిలిన క్రెడిట్ లెడ్జర్‌లో పేరుకుపోయింది. అది వేరే తలనొప్పి.

కుదరని సంగతి ఒకటుంది. ఎంత తెప్పించాలి అన్నది. లెక్క నాకొచ్చు. రోజుకి పదిహేను కేసులు పోతాయి, ఆర్డర్ పెట్టిన మూడు రోజులకి లారీ వస్తుంది, రెండు రోజులు అదనంగా అనుకుంటే డెబ్బై అయిదు కేసులకి రాగానే ఆర్డర్ పెట్టాలి. దసరాకి దుర్గమ్మ కొండ కింద జనం పెరిగితే బిస్కెట్లకి, అగరబత్తీలకి ఆ అంకె పెంచాలి. ఒకేసారి ఎంత తెస్తే ఖర్చు తక్కువో చెప్పే సూత్రం 1913లోనే ఫోర్డ్ హారిస్ రాశాడు, అదీ చదివాం. కానీ నెలాఖరు వచ్చిందంటే కంపెనీ సేల్స్ ఆఫీసర్ ఫోన్ చేస్తాడు. "సార్, టార్గెట్‌కి కొంచెం తగ్గింది, ఒక లోడు వేసుకోండి, స్కీమ్ ఇప్పిస్తా." ఓనరు గారు మొహమాటానికో స్కీముకో ఒప్పుకుంటారు. డెబ్బై అయిదు కేసులుండాల్సిన చోట మూడొందలు. నేను వదిలించిన దారులన్నీ మళ్ళీ మూసుకుపోతాయి, పాత డేటు సరుకు వెనక్కి పోతుంది. ఏ సూత్రంలోనూ ఆ ఫోన్ కాల్ లేదు.

ఈసారి దారిలో ఒక్క కేసు పెట్టినా ఒప్పుకోనని ఓనరు గారితో ముందే చెప్పాను. ఆయన పక్క వీధిలో చిన్న షెడ్డు ఒకటి అద్దెకి మాట్లాడుతున్నారు. దాన్ని జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేర్పించి, ర్యాక్‌లకి అడ్రసులు రాసేదాకా తాళంచెవులు నా దగ్గరే ఉంచమన్నాను. బాబాయ్ మాత్రం ఆ షెడ్డులో ఏది ఎక్కడ పెట్టాలో అప్పుడే అనేసుకున్నాడు.